రెండు గాట్లు

"ఇది నీదేనా తాతా?"

రెండు లెన్సుల పాత రీలు కెమెరాని తిప్పి చూస్తూ అడిగాడు కూర్మారావు.

"నాదే బాబూ" అన్నాడు ముసలాయన, గుమ్మం అవతలే నిలబడి.

కూర్మారావు నమ్మలేదు. మనిషికి ఎనభై దాటి ఉంటాయి. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, ఉప్పుగాలికి పగిలిన పాదాలు. పేరు తవిటయ్యట. పొడంపేట నుంచి బస్సులో వచ్చాడట.

వలలు లాగే ఊళ్లో ఇలాంటి కెమెరా ఎక్కడిది? ఏ పాత సామాన్లలోనో దొరికి ఉంటుంది. బాగుచేయించి అమ్ముకుంటాడు కాబోలు.

కూర్మారావు రైల్వేలో సిగ్నళ్ల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. బరంపురంలో ఇంటి ముందు గదిలోనే పాత కెమెరాలు బాగుచేస్తుంటాడు.

"ఏటి సెయ్యాల?"

"షట్టర్ పట్టీసింది. లెన్సుకి బూజెట్టింది. ఆ రెండే సెయ్యి బాబూ. మరేటీ ముట్టుకోకు."

"నాకు పని నేర్పుతావేటి?" నవ్వాడు కూర్మారావు. "అయినా ఇప్పుడు దీంతో ఏటి పని నీకు?"

"మునిమనవరాలు పుట్టింది. ఒక్క బొమ్మ తీయాల."

"ఫోన్లో తీయించు."

"ఫోన్లో శానా తీసినారు. నాను తీయనేదు గదా."

అంటూనే తవిటయ్య చూపు గోడ మీద ఆగింది. లోపలికొచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు.

అరచెయ్యంత ఫొటో. గాజుల చెయ్యి, ఒళ్లో బిడ్డ. ఆడమనిషి మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక. చుట్టూ నల్ల అంచు, అందులో ఒక పక్క ఎలక పళ్ల లాంటి రెండు తెల్ల గుర్తులు.

"ఈ యమ్మెవరు బాబూ?"

"నీకెందుకు తాతా?"

వంటింట్లోంచి భార్య సత్యభామ అందుకుంది. "మా అత్తమ్మ. ఒళ్లో ఉన్నది ఈయనే. హుమ్మలో మావయ్య టేసన్లో పనిచేసినప్పుడు తీయించారట. ఈయనకి రెండేళ్లకే ఆవిడ పోయింది. తర్వాత తుపాన్లో ఫొటో తడిసిపోయింది. ఈ ఊళ్లో ఈయన మెట్లెక్కని స్టూడియో లేదు. నెగిటివ్ ఉంటేనే అవుతాదన్నారు. తల్లి మొహం ఎలా ఉంటాదో తెలీకుండానే ముసలోడైపోయాడు."

"నువ్వూరుకో" అన్నాడు కూర్మారావు. "తాతా, వారంలో రా."

తవిటయ్య "ఎల్లొస్తాను బాబూ" అని వెళ్లిపోయాడు.

షట్టర్ మొదటి రోజే కదిలింది. బూజు రెండో రోజు పోయింది.

కూర్మారావు చేతికి అంతటితో ఆగడం తెలియదు. చిరిగిన తోలు మార్చాడు. మాసిన రంగు గీకి కొత్తది వేశాడు. వెనక తలుపు తీస్తే, రీలు ఆనే చదరపు చట్రానికి ఒక పక్క రెండు గాట్లు కనిపించాయి. ఎవరో మొరటు మనిషి స్క్రూడ్రైవర్ జార్చాడనుకున్నాడు. ఆకురాయితో ఆ పక్కంతా నున్నగా అరగదీసి నల్లరంగు పూశాడు.

చెప్పిన రోజుకి తవిటయ్య వచ్చాడు.

"ఇంకో వారం తాతా. రంగు ఆరాల."

"బొమ్మ తీసే పాటిగా ఉంటే సాలు బాబూ."

"సగం పని నా గుమ్మం దాటదు."

తవిటయ్య తలూపాడు. వెళ్తూ వెళ్తూ మళ్లీ గోడ దగ్గర కాసేపు నిలబడ్డాడు.

పై వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

నెల దాటాక ఒకామె వచ్చింది.

"తవిటయ్య కూతుర్ని బాబూ, కన్నమ్మని. మా అయ్య పోనాడు. పెద్దకర్మ అయ్యాక వచ్చినాను."

కూర్మారావు మెరుస్తున్న కెమెరా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి పాప బొమ్మ?"

"నాను తీత్తాను. అయ్య నేర్పినాడు."

కన్నమ్మ వెనక తలుపు తీసి, చట్రం అంచు మీద బొటనవేలు నడిపింది. వేలు ఆగింది.

"గాట్లేవి బాబూ?"

"అవి... దెబ్బలనుకున్నానమ్మా."

"దెబ్బలు కావు. అప్పట్లో సైకిళ్ల మీద ఊరూరా బొమ్మలు తీసేవోళ్లు నలుగురుండేవోరు. అందరి రీళ్లూ ఒక్క కాడే కడిగేవోరు. కలిసిపోకుండా తలో గుర్తు ఎట్టుకున్నారు. మా అయ్యవి రెండు గాట్లు. ప్రతి బొమ్మకీ అంచులో పడతాయి."

కూర్మారావు తల గోడ వైపు తిరిగింది.

కన్నమ్మ కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది.

"ఇది మీకిమ్మన్నాడు. మీ ఇంటికొచ్చిన కాడ్నుంచీ పాత రీళ్ల ట్రంకుపెట్టె ముందు కూకొని ఎతుకుతానే ఉన్నాడు. తుపానొస్తే బియ్యం కన్నా ముందు ఆ పెట్టే మోసేవోడు లెండి. పోయే ముందురోజు దొరికింది."

పొట్లంలో ఒక నెగిటివ్.

కూర్మారావు దాన్ని కిటికీ వెలుగుకి పట్టాడు. గాజుల చెయ్యి. ఒళ్లో బిడ్డ. పైన, మరకలేని మొహం. నెగిటివ్‌లో జుట్టంతా తెల్లగా ఉంది. ఇరవై నిండకుండా పోయిన అమ్మ, ముసలిదై తనని చూసి నవ్వుతున్నట్టుంది.

"భామా" అని పిలిచాడు. వంటింట్లోంచి వచ్చిన సత్యభామకి దాన్ని వెలుగులో చూపించాడు.

కళ్లు తుడుచుకుని కన్నమ్మ వైపు తిరిగాడు.

"కూర్చో అమ్మా. ఒక పని మిగిలిపోయింది."

చట్రం మీద ఆ నెగిటివ్‌ని పరిచి, అమ్మ పక్కన అంచులో తవిటయ్య పెట్టిన రెండు గాట్లకి కొలత చూసుకుని, కూర్మారావు మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.