రుమాలు చుట్టిన డబ్బా

కౌంటరు మీద పెట్టిన డబ్బాకంటే ముందు, దానికి చుట్టిన రుమాలే ఆమె కంటబడింది.

నీలం అంచు రుమాలు. మొగుడిది. తన చేత్తో ఇస్త్రీ చేసి, ఆయన జేబులో పెట్టి పంపిన రుమాలు.

అది చేయి ఎలా మారిందో కూడా ఆమెకి తెలుసు.

డబ్బా తెచ్చిన ఈ సన్నజాజి పోయిన వారం డాక్టరు గదిలో తలుపేసుకుని చాలాసేపు కూర్చుంది. సన్నజాజి అనేది ఆ సన్నటి మనిషికి తను కసికొద్దీ పెట్టిన పేరు. బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఈ రుమాలుంది. టోకెన్ లేదు, ఫైలు లేదు, బరువు చూసే మిషన్ ఎక్కింది లేదు.

ఎక్కినా ఏముందని తగ్గించడానికి?

"ఎవరండీ ఆవిడ?" అని ఇంటికెళ్ళాక అడిగింది.

"క్లినిక్ విషయాలు ఇంట్లో వద్దు" అని ఆయన మాట తప్పించాడు.

బరువు తగ్గించే డాక్టరు భార్య ఆమె. రిసెప్షన్ కుర్చీ నిండుగా కూర్చుంటుంది.

"ఇంట్లో బరువే తగ్గించలేనాయన మనల్నేం తగ్గిస్తాడే!" అని హాల్లో గుసగుసలు వినబడితే నవ్వేసి టోకెన్లు ఇస్తుంది.

ఆయన మాత్రం ఆమెని ఏనాడూ ఆ మిషన్ ఎక్కమనలేదు. అది ప్రేమ అనుకుంది ఇన్నేళ్ళూ. సన్నజాజిని చూశాక, అసలు తనని చూడటమే మానేశాడేమోనని అనుమానం పట్టుకుంది.

"డాక్టర్ గారిని కలవాలండీ" సన్నజాజి గొంతు తగ్గించి అంది.

"కుదరదు. లోపల తనిఖీ జరుగుతోంది."

అబద్ధం కాదు. పొద్దున్నే ఆరోగ్య శాఖ అధికారులు దిగారు. పోయిన నెల బరువు తగ్గే ఇంజెక్షన్ వికటించి ఒకావిడ చనిపోయింది. మందు ఈ క్లినిక్‌దేనని ఆవిడ కొడుకు ఫిర్యాదు చేశాడు.

"ఆవిడ గుండెకి పడదని నేనే ఇవ్వనన్నాను. బయటెక్కడో కొనుక్కుని పొడిపించుకుంది" అంటాడు డాక్టరు.

ఉత్త మాట ఎవరు నమ్ముతారు? ఇవాళ తేలకపోతే క్లినిక్‌కి తాళమే.

"భయపడకు, ఋజువు వస్తోంది" అని మాత్రం చెప్పి ఆయన లోపలికెళ్ళాడు.

ఏ లాయరో వస్తాడని ఆమె అప్పట్నుంచీ గుమ్మం వైపే చూస్తోంది. తీరా ఊడిపడింది ఈవిడ!

"పోనీ ఇది ఆయనకి అందిస్తారా? ఇవాళే అందాలి. చల్లగా ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టండి."

"ఏముంది ఇందులో?"

సన్నజాజి అటూ ఇటూ చూసింది. "మీరు ఆయనకి ఏమవుతారు?"

"ఏమవుతానా? భార్యని!"

ఆ ముఖం ఒక్కసారిగా తేలికపడింది. "హమ్మయ్య! అయితే మీ చేతికే ఇస్తాను. ఇంకొకరైతే నమ్మేదాన్ని కాదు. నేనొచ్చినట్టు ఎవరికీ చెప్పకండక్కా. మావాళ్ళకి తెలిస్తే నన్ను ఇంట్లో అడుగుపెట్టనివ్వరు."

అక్కా! ఒళ్ళు భగ్గుమంది.

తిరిగి ఓ మాట అనేలోపే సన్నజాజి మెట్లు దిగిపోయింది.

"ఏంటక్కా అది, క్యారేజీయా?" నర్సు అటుగా వస్తూ అడిగింది.

"మీ సార్‌కి ఎవరో ప్రేమగా వండి పంపారు!"

"మంచిదేగా! పాపం, వాళ్ళు ఆయన్ని టీ చుక్క కూడా తాగనివ్వలేదు."

"ఆకలేస్తే పెట్టడానికి పెళ్ళాం చచ్చిందా?"

నర్సు గబగబా పక్కకి తప్పుకుంది.

వెనక సందులో హారన్ మోగింది. సూదులు, సిరంజీల చెత్త పట్టుకెళ్ళే వ్యాన్.

ఆమె రుమాలు ఊడదీసి గుప్పిట్లో నలిపింది. డబ్బా మూత తియ్యలేదు. తీస్తే అందరిముందూ ఏడుస్తానేమోనని భయం. నేరుగా కాల్చేసే చెత్తకి పెట్టిన పసుపు సంచిలో పడేసి, మూతి బిగించి, తనే వ్యాన్‌లోకి విసిరేసింది.

ఆ సంచి ఎవరూ విప్పరు. ఉన్నదున్నట్టు కొలిమిలోకే.

చేతులు దులుపుకుని మళ్ళీ రిసెప్షన్‌లోకి వచ్చింది.

లోపల్నుంచి అధికారి గొంతు వినిపిస్తోంది. "ఫ్రిజ్ సరిగ్గానే ఉంది. చెత్త పంపే పద్ధతి కూడా బాగుంది. కానీ డాక్టర్, ఆవిడ ఒంట్లోకి వెళ్ళిన మందు మీది కాదని ఎలా నమ్మమంటారు?"

"ఋజువు వస్తోంది సార్. ఇంకొంచెంసేపు..."

డాక్టరు తెరిచిన తలుపులోంచి మాటిమాటికీ బయటి గుమ్మం వైపు చూశాడు. ఆమె కూడా చూసింది, ఆ లాయరు ఎక్కడ చచ్చాడా అని.

ఎవరూ రాలేదు.

అందరినీ బయటికి పంపించి, తలుపుకి తాళం వేసి సీలు కొట్టారు.

జీపు కదిలాక డాక్టరు మెట్ల మీద కూలబడ్డాడు. "నాకోసం ఎవరూ రాలేదా?"

"రాకేం! మీ సన్నజాజి వచ్చింది, డబ్బా పట్టుకుని." రుమాలు ఆయన ఒళ్ళోకి విసిరింది.

ఆయన చివాలున లేచాడు. "డబ్బా ఏదీ?"

"చెత్త వ్యాన్‌లో పోయింది. ఈపాటికి బూడిదై ఉంటుంది. ఎవరికీ చెప్పొద్దందిగా, మీకూ చెప్పలేదు!"

తిడతాడనుకుంది. కనీసం తలొంచుకుంటాడనుకుంది. ఆయన మళ్ళీ కూర్చుని, రుమాలు ముడతలు సరిచేసి, మెల్లగా మడత పెట్టాడు.

"సంగతి ఎక్కడా పొక్కనివ్వనని మాటిచ్చాను. అందుకే నీక్కూడా చెప్పలేదు" అన్నాడు. "తల్లి బయట కొన్న ఇంజెక్షన్లలో ఆ ఒక్కటే మిగిలింది. అన్న కళ్ళుగప్పి, మనకోసం తెచ్చింది... ఆ చనిపోయినావిడ కూతురు."