బోర్లా పడిన రోజు

"బాబు బోర్లా పడ్డాడండీ!"

వెంకట్రావు ఆఫీసు నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. గడపలోనే ఎదురొచ్చి చెప్పింది కమలకుమారి. ముఖం వెలిగిపోతోంది.

అతను మాత్రం చేతిలోని క్యారియర్ అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాడు.

బాబు పరుపు మీద వెల్లకిలా ఉన్నాడు. తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు. చొంగ కారి మెడ కింది గుడ్డ తడిసింది. వెంకట్రావు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక గానీ కూర్చోలేదు.

"నువ్వెక్కడ చచ్చావు అప్పుడు?"

"పెరట్లో బట్టలారేస్తున్నా. వచ్చేసరికి బోర్లా పడి, చెంప పరుపుకి ఆనించి నా వంకే చూస్తున్నాడు. తనంత తానే తిరిగాడండీ! నేను చెయ్యి కూడా వెయ్యలేదు."

"చెంప ఆనింది కాబట్టి సరిపోయింది. ముక్కు ఆనుంటే?"

"ఆనలేదుగా."

"ఇవాళ ఆనలేదు!"

ఆ ఇంట్లో పడక గొడవ కొత్తేమీ కాదు. వెల్లకిలా పడుకోబెడితే పాలు పైకి తన్ని గొంతుకి అడ్డం పడతాయని వెంకట్రావు భయం. పక్కకి తిప్పితే ముందుకు ఒరిగిపోతాడని కమల భయం. ఇక బోర్లా అన్న మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు. పుట్టినప్పుడే వెంటనే ఏడవని పిల్లాడు, మెడ నిలవదు, ముఖం పరుపులో కూరుకుంటే తిప్పుకోలేడు, ఊపిరాగిపోతుంది జాగ్రత్త అన్నాడు. జహనుమా బస్తీలో కాశమ్మ ఇంట్లో అద్దెకు దిగిన నాటి నుంచీ మొగుడూ పెళ్లాల్లో ఒకరు పడుకుంటే ఇంకొకరు మేలుకోవడమే. ఎత్తి దించి, ఎత్తి దించి కమల నడుము ఎప్పుడో పట్టేసింది.

వెంకట్రావు వీధి చివరి ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, లైను కలిసేదాకా గంటకు పైగా కాచుకుని డాక్టరుకి ఫోన్ చేశాడు.

"నిజంగా తనే తిరిగాడా?" అన్నాడు డాక్టరు. "సంతోషమే. కానీ ఇకమీదట మరీ కనిపెట్టుకుని ఉండాలి. పక్కన మనిషి లేకుండా వదలకండి."

తిరిగొచ్చేసరికి ఇల్లంతా నెయ్యి వాసన. పొయ్యి పక్కన పళ్లెం నిండా బొబ్బట్లు.

"ఎవరికివన్నీ?"

"చుట్టుపక్కల వాళ్లకి. పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు పంచరూ?"

"మతి గానీ పోయిందా నీకు? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనివ్వండి. ఈ వాడలో ఎవరింట్లో ఏ పిల్లల వేడుకైనా మన నోరు తీపి చేశారు. ఒక్కసారైనా వాళ్ల నోరు తీపి చెయ్యాలని నాకుండదా?"

జవాబు లేనప్పుడు మగవాడు చేసే పనే చేశాడు. కోపం తెచ్చుకున్నాడు. ఇంట్లో ఉన్న దిండ్లన్నీ తెచ్చి బాబుకి అటూ ఇటూ బిగించాడు.

"తిరక్కుండా కట్టేస్తున్నారా వాణ్ణి?" అంది కమల.

"తిరక్కపోతే పోయె. బతికుంటే చాలు."

ఆమె అతని వంక ఒక చూపు చూసింది. పెళ్లయ్యాక ఎన్నడూ అలా చూడలేదు. పళ్లెం తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఆ మాట అన్నందుకు వెంకట్రావుకి తన మీద తనకే అసహ్యం వేసింది. బోర్లా పడ్డాడన్న మాట వినగానే తనకి మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించలేదా? వాడు తిరుగుతుంటే కళ్లారా ఒక్కసారి చూడాలని లేదా? ఉంది. భయమే ముందొచ్చింది.

కిటికీలోంచి వాకిలి కనబడుతోంది. నల్లా దగ్గరున్న ఆడవాళ్లకి కమల ఒక్కొక్క బొబ్బట్టు పెడుతోంది. "మంచిగైందమ్మా" అని రెండు చేతులా అందుకుని, వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. అంతకన్నా పకపకా నవ్వినా బాగుండేదనిపించింది వెంకట్రావుకి.

"బోర్ల పడ్డడా? మన బాబు?" అంది ఇంటావిడ కాశమ్మ. "నిజమేనా బిడ్డా?"

"నా కళ్లతో చూశాను కాశమ్మగారూ."

కాశమ్మ కొంగు కళ్లకద్దుకుంది. "దేవుడున్నడు తియ్యి" అని గోడవైపు తిరిగింది.

లోపల బాబు భుజం దిండుని నెట్టింది. ఆగి, మళ్లీ నెట్టింది. వెంకట్రావు చప్పున ఆ దిండుని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. వదిలితే ఏమౌతుందోనని భయం. పట్టుకుంటే ఈ తిరగడం కూడా ఇవాళ్టితో సరి. ఏది పాపమో తేల్చుకోలేక అలాగే కూర్చున్నాడు, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నా తుడుచుకోకుండా.

వాకిట్లో గాజుల చప్పుడైంది. కాశమ్మ కొత్త కోడలు భాగ్యశ్రీ వచ్చింది. కాపురానికొచ్చి వారం కూడా కాలేదు, వీళ్ల గడప ఇంకా తొక్కలేదు. బొబ్బట్టు తుంచి నోట్లో వేసుకుంది.

"మస్తున్నయ్ ఆంటీ! మీ బాబును నేనింక సూడనే లేదు. ఎన్నో నెల్ల పడ్డడు బోర్ల?"

"ఏయ్, లొల్లి చెయ్యకు. నువ్వు లోపటికి నడువ్" అంటూ కాశమ్మ కోడలి జబ్బ పట్టుకుని లాగింది.

"అడగనివ్వండి కాశమ్మగారూ" అని అడ్డుపడింది కమల. ఆ పిల్ల చేతిలో ఇంకో బొబ్బట్టు పెట్టింది. ముఖంలో ఇందాకటి వెలుగు ఏమాత్రం తగ్గలేదు.

"మొన్న శ్రావణానికి పదకొండేళ్లు నిండాయమ్మా" అంది.