చప్పుడు లేని వీడియో

పద్మావతి ఆఫీసు మీటింగులో ఒళ్లో ఫోన్ పెట్టుకుని దొంగచాటుగా చూస్తోంది.

ఫోన్‌లో ఉన్నది కొడుకు లలిత్ నర్సరీ క్లాసు. హూడి ఏరియాలోని ఆ ప్లేస్కూల్ వాళ్లు తల్లిదండ్రులందరికీ కెమెరా యాప్ ఇచ్చారు. బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. తల్లులకు ఉద్యోగానికి ఉద్యోగం, కాపలాకు కాపలా.

లలిత్‌కు నాలుగేళ్లు. ఇంకా మాటలు రాలేదు, పిలిస్తే చూడడు. మూడు స్కూళ్లు వద్దన్నాక ఇక్కడ సీటు దొరికింది. ఇది కూడా పోతే వాణ్ని మామూలు పిల్లల మధ్య కూర్చోబెట్టే చోటు ఇంకోటి దొరకదని పద్మావతి భయం.

స్క్రీన్ మీద ఆయా అంజినమ్మ గబగబా వచ్చింది. లలిత్‌ను రెక్క పుచ్చుకుని టేబుల్ కిందికి లాక్కెళ్లింది. తల మీంచి పాత చీర కప్పి, గట్టిగా అదిమి పట్టుకుంది.

వాడి కాళ్లు టపటపా కొట్టుకుంటున్నాయి.

పద్మావతి మీటింగు వదిలేసి లేచింది.

ఆ ఇరవై సెకన్లూ రికార్డు చేసి, ముందు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ తర్వాతే స్కూలుకు బయల్దేరింది. కోపంలో ఏది ముందో ఏది వెనకో ఎవరికి తెలుస్తుంది!

ఆటో స్కూలు చేరేలోపు గ్రూపులో డెబ్బై మెసేజులు. "ఆవిడ ఉంటే మా పిల్లల్ని పంపం."

ప్రిన్సిపాల్ జెస్సీ గదిలో అంజినమ్మ గోడ పక్కన నిలబడి ఉంది.

"ఏం చేశావు నా కొడుకుని?" అరిచింది పద్మావతి.

"ఏమీ చేయలేదమ్మా. ఆడ గలాటా ఎక్కువాయె. వాడు తాళలేడు. సుమ్మనే, ఊరికే, ఒళ్లో పెట్టుకుంటిని."

"చీర కప్పి నొక్కేయడం ఒళ్లో పెట్టుకోవడమా? నోరు లేని పిల్లాడు, ఎవరికీ చెప్పుకోలేడనేగా! అసలు నీకు ట్రైనింగ్ ఏమైనా ఉందా?"

"లేదమ్మా."

ఆ ఒక్క మాట చాలు అందరికీ. సాయంత్రానికి అంజినమ్మ పని పోయింది.

పద్మావతి గెలిచింది. గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పంపారు.

మర్నాటి నుంచి లలిత్‌కు ఒకటే ఏడుపు. మూడో రోజు పక్క పాపను గీరాడు. ఐదో రోజు తన చెయ్యి తానే రక్తం వచ్చేలా కొరుక్కున్నాడు.

దండాలు పెట్టిన తల్లులే ఇప్పుడు లలిత్ మీద మెసేజులు పెట్టారు.

"రేపు మీరు ఒకసారి క్లాసులో కూర్చోండి మేడమ్," అంది జెస్సీ.

కూర్చుంది. పదకొండింటికి ఎవరిదో పుట్టినరోజు. టీచర్ స్పీకర్‌లో పాట పెట్టింది. ముప్పై మంది పిల్లలు చప్పట్లు కొడుతూ గొంతెత్తారు.

ఆ చిన్న గదిలో ఆ హోరు పద్మావతికే భరించరానంతగా ఉంది. నెలకు రెండు మూడు పుట్టినరోజులు, రోజూ పాటలు ఉంటాయట.

లలిత్ చెవులు మూసుకుని కీచుమన్నాడు. తల గోడకేసి కొట్టుకోబోయాడు.

ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. వాణ్ని లాక్కుని టేబుల్ కిందికి దూరింది. చున్నీ తల మీంచి కప్పి, గట్టిగా గుండెకు అదుముకుంది.

కాసేపు కాళ్లు కొట్టుకున్నాడు. తర్వాత నెమ్మదించాడు.

పైన కెమెరా పనిచేస్తూనే ఉంది. ఇప్పుడు ఏ తల్లి చూసినా ఏమనుకుంటుందో పద్మావతికి తెలుసు. సిగ్గుతో ఆ టేబుల్ కిందే ఏడ్చింది.

మధ్యాహ్నం అంజినమ్మకు ఫోన్ చేసింది.

"అంజినమ్మగారూ, నేను లలిత్ వాళ్ల అమ్మను. తప్పంతా నాదేనండీ."

"అయ్యో, పోనీలేమ్మా. పిల్లోడు బాగుండాడా? అన్నం తింటాండాడా?"

"లేదండీ. మీరు మళ్లీ రావాలి. గ్రూపులో అందరికీ నేనే చెబుతాను."

అవతల కుట్టుమిషన్ల చప్పుడు.

"ఆనేకల్ కాడ గార్మెంట్స్‌లో చేరిపోతినమ్మా. రాలేను." గొంతు తగ్గించింది. "ఆ వీడియో మా వాళ్లు గూడా చూసిరి. నోరు లేని బిడ్డను హింస పెట్టిందంటిరి. ఇంకోసారి ఆ మాట వింటే నేను తాళలేను తల్లీ."

"క్షమించండి," అంది పద్మావతి.

"పాట పెట్టకముందే వాణ్ని బయటికి పిల్చుకోని పొమ్మను టీచరమ్మను. కొళాయి కాడ నీళ్లలో చెయ్యి పెడితే ఏడవకుండా సుమ్మనుంటాడు," అని అంజినమ్మ ఫోన్ పెట్టేసింది.

టీచర్‌కు ఆ సంగతి చెప్పాలని వెళితే, జెస్సీ గదిలోకి పిలిచింది.

"సారీ మేడమ్. వచ్చే వారం నుంచి లలిత్‌ను ఉంచుకోలేం. పేరెంట్స్ ఊరుకోవడం లేదు."

"వాడి సంగతి తెలిసేగా చేర్చుకున్నారు! అప్పుడు సీటిచ్చి, ఇప్పుడు పొమ్మంటే ఎలాగండీ?"

జెస్సీ బీరువాలోంచి లలిత్ అడ్మిషన్ ఫారం తీసి ఆమె ముందు పెట్టింది.

పైన ఎర్ర సిరాతో 'సీటు ఇవ్వలేం' అని రాసి, కొట్టేసి ఉంది.

దాని కింద జెస్సీ చేతిరాత: "బాబును తాను చూసుకుంటానని ఆయా అంజినమ్మ పూచీ పడినందున చేర్చుకున్నాం, మొదట కాదన్నామని తెలిస్తే తల్లి బాధపడుతుంది, చెప్పవద్దని కూడా ఆమే కోరింది."