మసాయి మారాలో పిరికివాడు

"ఇంత పిరికోడని అనుకోలేదప్పా వీడు!" అన్నాడు దామోదర్.

హాల్లో అందరూ పగలబడి నవ్వారు. స్టాన్లీ నవ్వలేదు.

అది బెంగళూరు బెళ్ళందూరులో స్టాన్లీ ఫ్లాటే. 2006 ఆగస్టు. కెన్యా నుంచి తిరిగొచ్చాక మొదటి ఆదివారం. అక్కడి మసాయి మారా అభయారణ్యంలో జంతువుల్ని చూడ్డానికి వెళ్ళింది ముగ్గురు స్నేహితులు: స్టాన్లీ, దామోదర్, జయరాజు. ఒకే కంపెనీలో కలిసి చేరినవాళ్ళు. ఇప్పుడు మిగతా ఇద్దరికీ దామోదరే మేనేజరు.

ఫొటోలు చూడ్డానికి ఆఫీసువాళ్ళు కొందరు వచ్చారు. ఆఫీసు ప్రొజెక్టరు గోడ మీద మసాయి మారా ఎండుగడ్డిని పరిచింది. ఇల్లు స్టాన్లీదే అయినా సోఫా మధ్యలో కూర్చున్నది దామోదర్. ఐసు కావాలంటే ఎవరినీ అడక్కుండా లేచివెళ్ళి ఫ్రిజ్ తెరుస్తున్నదీ అతనే. స్టాన్లీకి దొరికింది తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ.

"అసలేం జరిగింది?" అడిగింది ఫర్హానా. ఆమెది టెస్టింగ్ టీమ్.

దామోదర్ బెంగళూరు కాటన్‌పేటలోనే పుట్టి పెరిగినవాడు. కథ చెప్పడమంటే అతనికి సరదా.

"వ్యాను బురదలో దిగబడిపాయ. డ్రైవరు వెనక చక్రం కాడ తవ్వుకుంటా ఉండాడు. కిందికి దిగొద్దన్నాడు. నేను ఇంటానా? ఫొటో కోసం దిగితి. కొంచెం దూరం పోయినానో లేదో, గడ్డి కదిలె. చూస్తే ఆడసింహం ఉండాది!"

సింహం మాట రాకముందే స్టాన్లీ భార్య శ్రీజ కళ్ళు మూసుకుంది. కెన్యాలో జరిగింది స్టాన్లీ ఆమెకు ఇంకా చెప్పలేదు.

"ఒకటే పరుగు! వ్యాను తలుపు లాగితే రాలేదు. బిగుసుకుపోయుండాది. వీడు లోపలే ఉండాడు. అద్దంలో మొహం కనపడతా ఉండాది. తలుపు తియ్యిరా స్టాన్లీ అని గుద్దతా ఉంటే, బొమ్మ మాదిరి కూర్చునుండాడప్పా!"

"మరి ఎలా బయటపడ్డారు?" అంది ఫర్హానా.

"ముందు సీట్లో నేనున్నాను. డ్రైవరు అటు నుంచి ఎక్కేశాడు. నా డోర్ తీసి వీణ్ణి లోపలికి లాగేశాను," అన్నాడు జయరాజు ముభావంగా. "ఇంక వదిలెయ్ దామూ."

దామోదర్ వదల్లేదు. కుర్చీలో బిగుసుకుని, కళ్ళు మిటకరించి, స్టాన్లీని అనుకరించి చూపించాడు. మళ్ళీ నవ్వులు. "రేపట్నుంచి వీడి పేరు స్టాన్లీ కాదు, సింహం," అని ఎవరో వెనక నుంచి అన్నారు.

శ్రీజ మాత్రం నవ్వలేదు. చేతిలో ఉన్న పకోడీల ప్లేటును టీపాయ్ మీద ఠక్కున పెట్టింది.

"ఫ్రెండ్ చచ్చిపోతుంటే చూస్తూ కూర్చున్నావా? సిగ్గనిపించలేదా నీకు?" అంది స్టాన్లీతో.

"పోనీలే శ్రీజా," అన్నాడు దామోదర్ మెత్తగా. చెక్కుకుపోయిన అతని మోచేతిని ఆమె ఒక్క క్షణం చూసి, చప్పున తల తిప్పుకుంది.

"నిజమేనా స్టాన్లీ?" ఫర్హానా అడిగింది.

అందరూ అతని వైపు తిరిగారు. దామోదర్ కళ్ళలో ఎగతాళి. శ్రీజ కళ్ళలో అసహ్యం. జయరాజు నేల చూపులు చూస్తున్నాడు. ఎదురు తిరగడానికి, కనీసం అబద్ధమనడానికి, స్టాన్లీకి అదే సమయం.

"నిజమే," అన్నాడు స్టాన్లీ. "చాలా భయమేసింది. చెయ్యి లేవలేదు."

"చూసినారా, వాడే ఒప్పుకునె!" దామోదర్ లేచి వచ్చి అతని భుజం చరిచాడు. "ఏం కాదులేప్పా. వచ్చే ఏడు టాంజానియా పోదాం. ఈసారి ముందు నిన్నే దించుతా. వస్తావా?"

"వస్తాను," అన్నాడు స్టాన్లీ. ఆ సాయంత్రం అతను మొదటిసారి నవ్వాడు.

ఆ రోజు గడ్డిలో ఆడసింహాన్ని అందరికన్నా ముందు చూసింది స్టాన్లీయే. చూశాకే, చెయ్యి ఏమాత్రం వణక్కుండా, తలుపుకు లోపలి నుంచి లాక్ నొక్కాడు.