నీడపట్టున

"కూర్చోండమ్మా" అంటూ రేంజరు టేబుల్ ఫ్యాన్‌ని ఆవిడవైపు తిప్పాడు.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "మా కోడలి సంగతి మాట్లాడదామని వచ్చాను బాబూ. మీ దగ్గరే ఫారెస్టు గార్డు."

రేంజరు పక్కనున్న గుమాస్తా వంక చూశాడు. కిందటి నెల ఇక్కడికి బదిలీ అయి వచ్చిన దగ్గర్నుంచీ ఇలా ఎవరో ఒక అత్తగారు వస్తుందని అతను అనుకుంటూనే ఉన్నాడు.

"చెప్పండి."

"ఏం చెప్పమంటారు! తెల్లారకుండానే గస్తీ అంటూ పరిగెత్తేది. జుట్టు నిండా ఆకులు, చేతుల నిండా ముళ్ళ గీతలతో ఏ చీకటి పడ్డాకో ఊడిపడేది. ఆ బురద యూనిఫాం ఉతకలేక నా నడుం పడిపోయేదనుకోండి."

"పాపం!"

"ఓసారి మంటలార్పడానికి వెళ్ళి కనుబొమలు కాల్చుకొచ్చింది. పైగా ఆ ముచ్చట ఇంటిల్లిపాదికీ నవ్వుతూ చెప్పింది."

"అయ్యయ్యో! ఇక ఆ బెంగ వద్దమ్మా. నేను రాగానే చేసిన మొదటి పని అదే. ఆడపిల్లలకి ఆ తిరుగుళ్ళేమిటని ముగ్గురినీ ఆఫీసులో నీడపట్టున కూర్చోబెట్టాను. హాయిగా ఫైళ్ళు చూసుకుంటున్నారు."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఫీల్డు సర్వీసు లేకపోతే వాళ్ళకి ప్రమోషన్ రాదు సార్."

"ప్రమోషన్ కంటే ప్రాణం ముఖ్యం కాదటయ్యా? ఏమంటారమ్మా?"

ఆవిడ చెంగుతో మెడ తుడుచుకుంది.

"ఇంట్లో మనశ్శాంతి కరువైంది బాబూ. గిన్నెలు ఠంగుమని పడేస్తుంది. పలకరిస్తే కస్సుమంటుంది. మావాడేమో, 'నా వల్ల కాదు, నువ్వే వెళ్ళి ఆయనతో చెప్పమ్మా' అని చేతులెత్తేశాడు."

"ఇన్నాళ్ళ అలసట కదా. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది."

"సర్దుకోదు. దాని సంగతి నాకు తెలుసు."

రేంజరుకి ముచ్చటేసింది. కోడలి కోసం ఇంత ఎండలో నడిచొచ్చిన అత్తగారిని అతను చూడటం ఇదే మొదలు.

"ఇంతకీ నన్నేం చెయ్యమంటారు? మొహమాటపడకండి. మీరేది అడిగినా కాదనను, ఈ గుమాస్తాగారే సాక్షి."

ఆవిడ మొహం విప్పారింది.

"దాన్ని మళ్ళీ అడవిలోకి పంపించెయ్యండి బాబూ."