గుమ్మం బయట బూట్లు

"నికోలస్ తాత వచ్చి బూట్లలో వాల్‌నట్లు నింపిపోవడానికి నీకేమన్నా ఆరేళ్లా?" అన్నాను.

"సాల్జ్‌బుర్గ్‌లో ఇంతకంటే చవక గది లేదని తీసుకొచ్చావు. ఊరికే వచ్చే వాల్‌నట్లయినా తిననివ్వు, గెర్లిండె" అంటూ కోర్బినియన్ మా బూట్లు తుడిచి గుమ్మం బయట పెట్టాడు. మేము తెచ్చుకున్నవి ఆ రెండు జతలే.

"పొద్దున్నే రైలు. పోయాయో, మంచులో నన్ను ఎత్తుకెళ్లాలి."

చీకటిపడ్డాక భోజనానికని తలుపు తీస్తే బూట్లు లేవు. ఏ అడుగుల చప్పుడూ మాకు వినబడలేదు. వాటి చోట రెండు జతల ఉన్ని చెప్పులున్నాయి. కాలు పెడితే లోపల వెచ్చగా ఉంది. నా బొటనవేలి ఎముక పొడుచుకొచ్చే చోట ఉన్ని సరిగ్గా అంతే ఉబ్బి ఉంది.

కింద వీధి తలుపు పక్కన గోడ పొడవునా బూట్లు. అన్నిటి నిండా వాల్‌నట్లు, వాటి మీద మందంగా దుమ్ము. చివరనున్న మా జతలు మాత్రమే మెరుస్తున్నాయి. తలుపుకు లోపలివైపు పిడి లేదు.

భోజనాల బల్ల మీద క్రిస్మస్ రాకకు గుర్తుగా పెట్టే పచ్చని ఆకుల దండలో ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది. చుట్టూ జంటలు. అందరి కాళ్లకూ అవే చెప్పులు. చెంచాల చప్పుడే వినబడుతోంది.

"అమ్మా, వీధి తలుపు తీయండి. మా బూట్లు వేసుకుని ఇప్పుడే వెళ్లిపోతాం" అన్నాను.

ఇంటావిడ సూప్ వడ్డించడం ఆపలేదు. "వినండర్రా, వీళ్లిద్దరూ ఇక మనతోనే ఉంటారు. కాస్త జరగండి."

అందరూ జరిగారు. కోర్బినియన్ అప్పటికే కూర్చుని, నాకోసం పక్క కుర్చీ లాగుతున్నాడు.