పొట్టి కార్డు

పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కంప్యూటర్ డబ్బాను రెండు చేతులా ఎత్తుకుని ఆటో దిగింది రెజీనా.

గూడూరు బజారులో హెన్రీ అప్పుడే తన కంప్యూటర్ షాపు తెరిచాడు.

"అన్నా, దీనికి గ్రాఫిక్స్ కార్డు కావాల. ఈ పొద్దే కావాల."

హెన్రీ డబ్బా వైపు చూశాడు. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన సన్నపాటి పాత డెస్క్‌టాప్.

"దీంట్లో ఏం పని చేస్తావమ్మా?"

"పెళ్లి వీడియో ఎడిటింగు. నా మొదటి పెళ్లన్నా."

హెన్రీ ముఖం చూసి నాలుక కరుచుకుంది.

"అంటే, నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి వీడియో. ఆదివారం రిసెప్షన్లో తెర మీద వెయ్యాల. ఇదేమో అడుగడుక్కీ ఆగిపోతా ఉండాది. టయానికి ఇయ్యకపోతే నాకింక ఎవురూ పని చెప్పరన్నా."

అద్దాల బీరువాలో ఉన్న పెద్ద పెట్టెను చూపించింది. రెండు ఫ్యాన్ల కార్డు. సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి ఆమెకు అందే ధరలోనే ఉంది. యూట్యూబులో అందరూ దాన్నే పొగిడారు మరి.

"అది దీంట్లో పట్టదు బిడ్డా."

ఆ మాట హెన్రీది కాదు. మూల స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్న పెద్దాయనది. చంకలో గుడ్డ సంచి, కాళ్లకు అరిగిన చెప్పులు.

"మీకు కంప్యూటర్లు తెలుసా తాతా?"

"ఏదో కొంచెం. డబ్బా సన్నం, కార్డు పెద్దది. కరెంటు కూడా జాస్తి లాగుతాది, దీని పవర్ సప్లై చాలదు. గంతకు తగ్గ బొంత ఉండాల గదమ్మా."

"మీరు టీ తాగండి తాతా, చల్లారిపోతాది."

మాటలో మర్యాద ఉంది, మనసులో లేదు. స్టూలు దొరికిన ప్రతివాడూ ఇంజనీరే అనుకుంది.

"ఆయన చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు హెన్రీ.

"పెట్టి చూపించన్నా. పట్టకపోతే అప్పుడు చూద్దాం."

పెట్టి చూపించాడు. కార్డు డబ్బా దాటి పైకి నిలబడింది, మూత పడలేదు. మూత లేకుండానే స్విచ్ వేస్తే ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది.

"ఇదే కావాలంటే వేరే డబ్బా, వేరే పవర్ సప్లై కొనాల."

రెజీనాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత స్తోమతే ఉంటే ఈ పాతదాన్ని మోసుకుని ఎందుకొస్తుంది?

పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచాడు. హెన్రీని పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. హెన్రీ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. ఆయన అతని భుజం తట్టి, సంచి సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హెన్రీ సొరుగు లాగి చిన్న పెట్టె తీశాడు. లోపల అరచేతిలో పట్టేంత పొట్టి కార్డు. విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు. పెట్టగానే ఇమిడిపోయింది, మూత చక్కగా పడింది.

రెజీనా పెన్‌డ్రైవ్ గుచ్చి వీడియో నడిపించింది. పెళ్లికూతురు తలంబ్రాలు పోస్తుంటే ఒక్క గింజ కూడా గాల్లో ఆగలేదు.

"అన్నా! ఇది ముందే చూపించకూడదా?"

"అది అమ్మకానికి తెచ్చింది కాదమ్మా."

ఆ సంతోషంలో ఆమెకు ఆ మాట సరిగా వినపడలేదు. పెద్దాయన గుర్తొచ్చాడు. నిజంగానే సిగ్గేసింది. ఆయనకొక మంచి మాట చెబుదామని రోడ్డు మీదికి పరుగెత్తి అటూ ఇటూ చూసింది. ఎక్కడా కనిపించలేదు.

"ఆ తాత యాడన్నా?"

"ఈపాటికి బస్సెక్కేసి ఉంటాడు."

"ఎవురాయన? నీ షాపులో రిపేర్లు చేసేవాడా?"

హెన్రీ ఖాళీ పెట్టె మూత నెమ్మదిగా మూశాడు.

"పేరు మునెయ్య, దొరవారిసత్రం ఊరు. నీ మాదిరే పెళ్లి వీడియోలు చేసుకుని బతికే మనిషి. ఆయన దగ్గరుండేదీ ఇట్టాంటి పాత డబ్బానే, దానికోసం తెప్పించమని నాతో చెప్పి, మూడు వారాలు కాచుకుని, ఈ పొద్దు తీసకపోదామని వచ్చిన కార్డమ్మా అది."